చెరియాల పటం: కథ కోసం కొనేవాళ్లకు

తెలంగాణలోని చెరియాల ఊళ్లో గుడ్డ మీద వేసే కథ బొమ్మలు కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివితే అందరూ గోడల గురించే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఎరుపు రంగు హాలుకు నిండుదనం తెచ్చింది, ఫ్రేము గట్టిగా ఉంది, గృహప్రవేశానికి కానుకగా ఇస్తే మెచ్చుకున్నారు. కావచ్చు. నా గోడ ఖాళీగా ఉన్నా నాకు ఇబ్బంది లేదు. బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఒక కథ చెవిన పడితే అది ఎవరిది, ఎవరు ఎవరికి చెప్పారు, ఏ గ్రంథంలో ఉంది, ఏ గ్రంథంలో లేదు అని తేల్చుకునే దాకా నిద్ర పట్టని రకం. కాబట్టి నేను కొన్న మార్కండేయ పురాణం పటాన్ని ఒకే ఒక్క ప్రశ్నతో తూకం వేస్తున్నాను. దాన్ని చదవడానికి వీలవుతుందా, లేదా?

వీలవుతుంది. కాకపోతే ఎవరైనా పక్కన కూర్చుని చెప్పాలి. ఆ మనిషి వస్తువుతోపాటు రాడు.

ముందు వస్తువు సంగతి. పొడవు దాదాపు అయిదడుగులు, వెడల్పు అడుగున్నర. పైనా కిందా వెదురు కర్రలు, చుట్ట చుట్టి అట్టగొట్టంలో పెట్టి ఇచ్చారు. నేను ఇచ్చింది 7,500 రూపాయలు. బేరం ఆడలేదు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, ఆపైన గీత గీసి రంగు నింపే పని అది. చిత్రకారుడి ఇంటి ముందుగదిలో పూత ఆరుతున్న గుడ్డలు, వాటి పక్కన రంగు గిన్నెలు చూశాక బేరమాడే నోరు రాలేదు. చెరియాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. 2016కు ముందు వరంగల్ జిల్లా. హైదరాబాదు నుంచి జనగామ మీదుగా వెళ్లవచ్చు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో మాత్రం వెళ్లకండి, దగ్గరలోనే ఉన్న కొమురవెల్లి మల్లన్న జాతర జనంతో బస్సులు కిక్కిరిసి ఉంటాయి. జాతర కూడా చూడాలనుకునేవాళ్లకు అదే మంచి సమయం అనుకోండి. మల్లన్న కథను ఒగ్గువాళ్ల నోట వినాలంటే అంతకన్నా మంచి చోటు లేదు.

ఈ పటాలు మొదట ఎవరి కోసం పుట్టాయో తెలియకపోతే బొమ్మ సగమే అర్థమవుతుంది. ఇవి గోడల కోసం వేసినవి కావు, ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్ల కోసం వేసినవి. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. ఎవరి పటం వాళ్లది, ఎవరి ఊళ్లు వాళ్లవి. కథ చెప్పే హక్కు, దానికి ప్రతిఫలం పుచ్చుకునే హక్కు తండ్రి నుంచి కొడుక్కు వస్తాయి. ఫలానా ఊళ్లలో ఫలానా కుటుంబం మాత్రమే పటం విప్పాలన్నది మిరాశీ కట్టుబాటు. అసలు పటాలు మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులకు మించిన పొడవు ఉండేవి. కథ నడిచేకొద్దీ ఒక్కో గడిని విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాడుతూ, మధ్యలో మాట చెబుతూ రాత్రుళ్లు నడిపేవాళ్లు. వాడి వాడి పటం చివికిపోతే పారేసేవాళ్లు కాదు, నదిలో నిమజ్జనం చేసి కొత్తది వేయించుకునేవాళ్లు. పాత పటాలు అరుదుగా మిగలడానికి అదొక కారణం. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పద్మశాలీలు కొలిచే భావనారుషి కథ పటం ఒకటి ఉంది. మన దగ్గర హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల పేరిట ఉన్న మ్యూజియం ఈ పటాలను సేకరించి కాపాడింది.

ఇక నా పటాన్ని పైనుంచి కిందికి చదువుకుంటూ వద్దాం.

అన్నింటికీ పైన గణపతి. దాదాపు వెడల్పంతా ఆయనదే. పక్కనే చిన్నగా సరస్వతి. దాని కింద పూలతీగ అంచు ఒకటి అడ్డంగా పరుచుకుంటుంది. ఈ అడ్డుపట్టీలే పటంలో పేజీలు. పట్టీ వచ్చిందంటే ఒక ఘట్టం ముగిసిందని లెక్క.

రెండో గడిలో అందరికీ తెలిసిన ఘట్టం. పదహారేళ్ల ఆయుష్షుతో పుట్టిన మార్కండేయుడు శివలింగాన్ని కౌగిలించుకుని ఉన్నాడు. దున్నపోతు మీద యముడు, చేతిలో పాశం. లింగం చీల్చుకుని శివుడు. ఇక్కడ చిత్రకారుడి తెలివి చూడండి. యముడి పాశం పిల్లవాడి మెడ చుట్టూ పడింది, లింగం చుట్టూ కూడా పడింది. ఆ ఒక్క గీతతో శివుడికి కోపం ఎందుకొచ్చిందో చెప్పేశాడు. మాటల్లో చెప్పాలంటే నాకు ఒక పేరా పట్టేది. యముడికి నీలిరంగు వేశారు, మీసాలు మెలితిప్పారు, కళ్లు బాదంకాయలంత చేశారు. భయపెట్టాల్సినవాడు కాస్త మన ఊరి మునసబులా ఉన్నాడు. ఈ పటాల్లో నాకు నచ్చే గుణమే అది.

మూడో గడి దగ్గర నాలాంటి పుస్తకాలవాళ్లు ఆగిపోతారు. మార్కండేయ పురాణం అనగానే నాకు గుర్తొచ్చేది పద్దెనిమిది మహాపురాణాల్లో ఒకటైన సంస్కృత గ్రంథం. దేవీ మాహాత్మ్యం ఉన్నది అందులోనే. తిక్కన శిష్యుడైన మారన దాన్ని తెలుగులోకి తెచ్చి ప్రతాపరుద్రుడి సేనాని గన్నయకు అంకితమిచ్చాడు. మనుచరిత్ర రాసిన పెద్దనకు ప్రవరుడూ వరూధినీ దొరికింది ఆ మారన దగ్గరే. హరిశ్చంద్రుడి కథా ఉంది అందులో. నేత పని మాత్రం ఎక్కడా లేదు. పటంలో చూస్తే మూడో గడి నుంచి చివరిదాకా నేతే. మార్కండేయుడు హోమం చేస్తున్నాడు. మంటల్లోంచి ఒక యువకుడు లేచాడు. చేతిలో నూలుచుట్ట, అది విష్ణువు నాభి కమలం తూడు నుంచి తీసిన దారం. ఆ యువకుడే భావనారుషి, పద్మశాలీల మూలపురుషుడు. పేరు ఒకటే, పురాణాలు రెండు. గ్రంథంలో మార్కండేయుడు ఋషి. పటంలో ఆయన ఒక కులానికి తాత. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు కలిగే ఆనందం కోసమే నేను 7,500 ఇచ్చానని అనుకుంటున్నాను.

నాలుగో గడిలో మగ్గం. ఇది పటం మొత్తంలో అందమైన గడి అని నా అభిప్రాయం. మగ్గం గుంట, పడుగు దారాలు, పక్కన నూలు చుడుతున్న ఆడవాళ్లు, కండెలు. భావనారుషి కిరీటం పెట్టుకుని మరీ మగ్గంలో కూర్చున్నాడు. పక్కన దేవతలు వరుసగా నిలబడి బట్టల కోసం ఎదురుచూస్తున్నారు. దేవుళ్లకు ఒంటి మీద బట్ట మనవాడే నేసి ఇచ్చాడు అన్నదే ఈ కథ గుండెకాయ. ఆ వరుసలో నిలబడిన ఇంద్రుడి ముఖంలో రేషన్ దుకాణం ముందు నిలబడినవాళ్ల అసహనం ఉంది. కావాలని వేశాడా, చెయ్యి అలా వెళ్లిందా అని చిత్రకారుణ్ణి అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

అయిదో గడిలో సూర్యుడి కూతురు భద్రావతితో పెళ్లి. గడి పెద్దదే అయినా మనుషులు ఎక్కువై ఇరుకయింది. పందిరి, బాజాలు, తలంబ్రాలు అన్నీ ఇరికించారు. చూడడానికి నిండుగా ఉన్నా కథ ముందుకు నడవదు. పెళ్లి పెళ్లిలాగే ఉంది, అంతే.

ఆరోది, ఆఖరిది, పులి మీద భావనారుషి యుద్ధం. పులి వాహనం. ఎదుట కోరలతో రాక్షసుడు. పులి చారలు ఒక్కొక్కటీ సన్నటి కుంచెతో లాగారు. ఉడుత వెంట్రుకల కుంచె అని చూపించారు. యుద్ధం మాత్రం పూర్తికాలేదు. రాక్షసుడు ఇంకా నిలబడే ఉన్నాడు. కింద అంచు వచ్చేసింది, పటం అయిపోయింది. ఇదే నా మొదటి ఫిర్యాదు. ముప్పై అడుగుల కథను అయిదడుగుల్లోకి కుదించేటప్పుడు ఏది తీసేయాలో తెలియాలి. పెళ్లి గడిని కుదించి రాక్షసుడి సంగతి తేల్చి ఉండాల్సింది. కొనేవాళ్లకు పెళ్లి బొమ్మ ఇష్టమని, అందుకే అది పెద్దదిగా వేస్తున్నామని ఆ ఇంటి ఇల్లాలు చెప్పింది. పటాల్లో సగం పని ఆవిడదే, రంగులు నింపేదీ, అంచులు గీసేదీ ఆవిడే. ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు.

రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది. అట్టగొట్టంలో ఒక కాగితం పెట్టారు. అందులో ఇంగ్లీషులో మూడు వాక్యాలు. ప్రాచీన కళ, సహజ రంగులు, తెలంగాణ వారసత్వం. కథ గురించి ఒక్క ముక్క లేదు. ఏ గడిలో ఎవరున్నారో రాసి ఉంటే ఈ వస్తువు విలువ రెట్టింపు అవుతుంది. తెలుగులో ఒక పేజీ చాలు. నాకు కొంత తెలుసు కాబట్టి, మిగతాది చిత్రకారుణ్ణి పీడించి రాబట్టాను కాబట్టి సరిపోయింది. ఏ బెంగళూరులోనో ఉండి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్లకు పులి మీద కూర్చున్నది ఎవరో ఎలా తెలుస్తుంది? అయ్యప్ప అనుకుంటారు. మా ఇంటికి వచ్చినవాళ్లు అనుకున్నారు కూడా.

అలా అనుకోని మనిషి ఒకరే. మా కింది వాటాలో ఉండే పెద్దావిడ. సిరిసిల్ల వైపు నేతకుటుంబం. కూరగాయలు ఇవ్వడానికి వచ్చి, పటం చూసి, చేతిలో సంచి కింద పెట్టి పులికి దండం పెట్టింది. "టీచరమ్మా, మీరు శాలోళ్లు కాదు కదా, మీ ఇంట్లో మా దేవుడేంది?" అని అడిగింది. ఆ తరువాత సోఫా మీద కూర్చోకుండా, పటం ఎదురుగా నేల మీద కూర్చుని కథ చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల వాడకు కూనపులివాళ్లు వచ్చినప్పుడు ఇంటింటికీ ఇంత అని వేసుకుని ఇచ్చేవాళ్లట. మగ్గం గడి దగ్గరకొచ్చేసరికి దేవుళ్ల సంగతి వదిలేసి కండెలు చుట్టే ఆడవాళ్ల దగ్గర ఆగింది. "ఈమె చుడుతున్న తీరు తప్పు" అంది. చెయ్యి ఎటు తిరగాలో చూపించింది. ఆవిడ చెప్పిన కథలో చిత్రకారుడు నాకు చెప్పని ముక్కలు ఉన్నాయి. చిత్రకారుడు చెప్పినవి కొన్ని ఆవిడకు తెలియవు. ఏది సరైనది అనే ప్రశ్నకు ఇక్కడ అర్థం లేదు. చెప్పే మనిషిని బట్టి పటం మారుతుంది, దానికి బొమ్మ అడ్డు చెప్పదు.

రంగుల విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. పాతకాలంలో ఎరుపుకు ఇంగిలీకం, నీలానికి నీలిమందు, నలుపుకు దీపం మసి, తెలుపుకు శంఖం పొడి వాడేవాళ్లు. ఇప్పుడు చాలా పటాలకు డబ్బాల్లో దొరికే రంగులే వాడతారు. నా పటానికి నేపథ్యం ఎరుపు డబ్బా రంగే అని చిత్రకారుడు దాచకుండా చెప్పాడు. సహజ రంగులతో కావాలంటే ధర రెట్టింపు అవుతుంది, ఎక్కువ రోజులు పడుతుంది. కాగితం మీద మాత్రం సహజ రంగులు అని అచ్చు వేశారు. నోటిమాటకూ కాగితానికీ మధ్య ఈ తేడా నాకు నచ్చలేదు. అయితే ఎరుపు వెలవెలబోలేదు. వానాకాలం గడిచాక కూడా పూత ఎక్కడా పగలలేదు, చుట్ట విప్పినప్పుడు పెచ్చులు రాలలేదు. వెదురు కర్ర మాత్రం నాసిరకం. పై కర్ర ఒక పక్కకు వంగితే మార్చుకున్నాను. ఇంత పని చేసినవాళ్లు కర్ర దగ్గర పిసినారితనం చూపడం ఏమిటో అర్థం కాదు.

మోసాల గురించి ఒక మాట. నగరంలో ఒక హస్తకళల దుకాణంలో చెరియాల పటం అని చూపించినది అచ్చు బొమ్మ. అద్దం బిగించి ఫ్రేములో పెట్టారు, అందుకే వేలితో తాకే వీలు లేదు. ఫ్రేములోంచి బయటికి తీయమన్నాను, తీయలేదు. మీరూ అలాగే అడగండి. చేత్తో వేసిన దానిలో పూత దళసరిగా తెలుస్తుంది, వెనక గుడ్డ నేత కనిపిస్తుంది. నల్ల గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. రెండు కళ్లు ఒకేలా ఉండవు. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చట్టం ప్రకారం ఆ పేరు ఎవరు పడితే వాళ్లు వాడకూడదు. అయినా వాడుతున్నారు.

ఫ్రేముల్లో వచ్చే చిన్న బొమ్మల మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్లు, కల్లు గీస్తున్న గౌడు, ఎడ్లబండి. చక్కగా ఉంటాయి, చవకగా దొరుకుతాయి, పిల్లల గదికి బాగుంటాయి. వాటికి ముందూ లేదు, వెనకా లేదు. కొబ్బరిచిప్ప మీద చేసే మొహాలూ అంతే. పెళ్లికూతురి మొహం, గంగిరెద్దులవాడి మొహం నేనూ కొన్నాను, మనవలకు ఇచ్చాను.

కాటమరాజు కథ పటం కూడా అడిగాను. అది నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. శివుడూ విష్ణువూ కల్పించుకుని పరిష్కరించే కథ కాదు అది, ఒప్పందం చదవడంలో వచ్చిన గొడవ. కరువొచ్చి గొల్లలు, వాళ్ల నాయకుడు కాటమరాజు, మందలను నెల్లూరు సీమకు తోలుకొచ్చారు. నల్లసిద్ధి రాజుతో పుల్లరి, అంటే మేతకు కట్టే పన్ను, ఒప్పందం కుదిరింది. నీటి వల్ల పుట్టిన పచ్చిక అంతా ఆవులది, పుట్టిన కోడెదూడలన్నీ రాజువి. వానలు పడక గడ్డి ఎండిపోయాక మందలు వరిచేలలో పడ్డాయి. వరి కూడా నీటి వల్ల పుట్టిన పచ్చికే కదా అన్నారు గొల్లలు. ఆ మాట దగ్గర మొదలై ఎర్రగడ్డపాటి యుద్ధం దాకా వెళ్లింది. నల్లసిద్ధి సేనాని ఖడ్గతిక్కన పడిపోయింది ఆ యుద్ధంలోనే. పదమూడో శతాబ్దపు వ్యవహారం, నేటి ఏ భూమి తగాదా పక్కన పెట్టినా కొత్తగానే ఉంటుంది. ఈ కథను గొల్లలకు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు పటంతో కాకుండా చెక్కబొమ్మలతో చెబుతారు. ఆ బొమ్మలు చేసేదీ పటాలు వేసే ఈ నకాషీ కుటుంబాలే. తేలికైన పొనికి చెక్క, రంపపు పొట్టు, చింతగింజల ముద్ద. ఆ ఇంట్లో అటక మీద ఒక బొమ్మ ఉంది, ఎవరో మరమ్మతుకు ఇచ్చి తీసుకుపోలేదట. చేతులు విరిగి ఉన్నాయి, ముఖం మాత్రం నిలకడగా చూస్తోంది. అమ్మమన్నాను. వాళ్ల వస్తువు, అమ్మకూడదు అన్నాడు. ఈ ఒక్క మాటకు ఆ ఇంటికి నా సమీక్షలో అదనపు మార్కులు.

మొత్తానికి అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటిలో సగం తెలుగు కాగితం లేనందుకు, సగం తేలని యుద్ధానికి. కర్రను వదిలేస్తున్నాను.

కొనాలనుకునేవాళ్లు తయారుగా ఉన్నదాన్ని తీసుకోకండి, చెప్పి వేయించుకోండి. ఎన్ని గడులు, ఏ గడిలో ఏ ఘట్టం, ఎక్కడ ముగియాలి అని కూర్చుని మాట్లాడుకోండి. వాళ్లు విసుక్కోరు. పైగా ఒక కథను పూర్తిగా అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఉత్సాహంగా లోపలికి వెళ్లి పాత గీతల కాగితాలు తెస్తారు. నేను ఇప్పుడు జాంబపురాణం వేయమని చెప్పి వచ్చాను. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే పుట్టిన జాంబవంతుడి కథ అది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య డక్కలి కుటుంబం నుంచి వచ్చినవారే. ఆయన పాట విన్నప్పటి నుంచీ ఈ పటం మీద మనసుంది. భూమే లేని చోట నిలబడ్డవాడి కాళ్ల కింద ఏం వేస్తారు అని అడిగాను. చిత్రకారుడు తల గోక్కుని, తండ్రి వేసిన పాత పటంలో నీళ్లు, తామరాకు ఉన్నట్టు గుర్తు అన్నాడు, చూసి చెబుతానన్నాడు. ఎనిమిది అడుగులు, పది గడులు, తెలుగులో ఒక పేజీ కథ, గట్టి కర్రలు. సగం డబ్బు ముందే ఇచ్చాను. దసరా దాటాక ఫోన్ చేయమన్నాడు.